ఏడు మాటల ఆరాధన గురించి సంఘ కాపరులకు, కమిటీ పెద్దలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన సంఘ కాపరులకు, పాస్టరేట్ కమిటీ పెద్దలకు,

ప్రభువు నామంలో వందనాలు.

నేను కోస్తాలో ఒక చిన్న పట్టణంలోని సంఘ సభ్యురాలిని. ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. శుభ శుక్రవారం (గుడ్ ఫ్రైడే) నాడు, ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటలను ధ్యానిస్తూ మనం జరిపే ఆరాధన గురించి ఈ లేఖ. మా గుడి పేరు, మా అయ్యగారి (సంఘ కాపరి) పేరు ఇక్కడ రాయడం లేదు. రాస్తే ఇది ఒక గుడి గొడవగా మిగిలిపోతుంది. చుట్టుపక్కల ఊళ్ళలో ఉన్న మా బంధువులు చెప్పేదీ ఇదే కాబట్టి అందరు అయ్యగార్లకూ, అన్ని కమిటీలకూ కలిపి రాస్తున్నాను.

పోయిన ఏడాది ఈస్టర్ కాగానే ఈ ఆరాధనలో మార్పులు కోరుతూ మా స్త్రీల సమాజం తరఫున కమిటీకి ఒక అర్జీ ఇచ్చాం. సెక్రటరీ గారు తీసుకుని వచ్చే మీటింగులో పెడతామన్నారు. మీటింగులు జరిగాయి. అర్జీ ఏమైందని అడిగితే, "ఆరాధన క్రమం సంగతి మేం చూసుకుంటాం గానీ, మీరు ప్రార్థనలో పెట్టండమ్మా" అన్నారు. ప్రార్థనలో పెట్టాం. మళ్ళీ భస్మ బుధవారం దగ్గర పడుతోంది, ఆ రోజుతో ఈస్టర్ ముందరి ఉపవాస దినాలు, శ్రమకాలం, మొదలవబోతోంది. అందుకని ఇప్పుడు ఇక్కడ పెడుతున్నాం.

పోయిన శుభ శుక్రవారం మా గుడిలో ఏం జరిగిందో ముందు చెప్తాను.

బులెటిన్‌లో ఆరాధన పన్నెండు నుంచి మూడు దాకా అని వేశారు. ముఖ్య అతిథి రాలేదని పన్నెండున్నర దాకా పాటలు పాడించారు. గుడి నిండిపోయి సగం మంది బయట షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నారు. స్టాండు ఫ్యాన్లు నాలుగు తెప్పిస్తే అందులో రెండు వేదికవైపు తిప్పారు. కూలరు ఎలాగూ వేదిక మీదే. ఏడు మాటలకు ప్రసంగం చెప్పే వర్తమానికులు పదకొండు మంది. ఒక్కొక్కరినీ పరిచయం చేయడం, శాలువా కప్పడం, ఫొటో.

అయిదో మాట వచ్చేసరికి మూడు దాటిపోయింది. ప్రభువు దప్పిగొన్న మాట అది. మాట్లాడే పెద్దాయన దాహం గురించి, సమరయ స్త్రీ బావి గురించి, ఇశ్రాయేలీయులకు బండలోంచి వచ్చిన నీళ్ళ గురించి చాలాసేపు చెప్పారు. బాగానే చెప్పారు. మధ్యలో రెండుసార్లు చల్లటి బాటిల్ మూత తీసి గొంతు తడుపుకున్నారు. సరిగ్గా అప్పుడే మా పేట మామ్మ ఒకావిడ కుర్చీలోంచి పక్కకు ఒరిగిపోయింది. పొద్దున షుగర్ మాత్ర వేసుకుని, ఆ తర్వాత పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా ఉపవాసంతో వచ్చింది. ఒళ్ళంతా చెమట, మాట తడబడుతోంది. పక్కింటి కుర్రాడు పరుగెత్తి మా ఇంట్లోంచి గ్లూకోమీటర్ తెస్తే షుగర్ 54కు పడిపోయినట్టు చూపించింది. చక్కెర నీళ్ళు పట్టి, ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. మేం గేటు దాటుతుంటే మైకులో వినపడింది: "చిన్న ఆటంకం, ఎవరూ లేవకండి, వాక్యం మీద మనసు పెట్టండి."

ఆరాధన నాలుగూ నలభైకి అయిందట. మామ్మ రాత్రికి ఇంటికి వచ్చేసింది, బాగానే ఉంది. ఈ ఏడు కూడా వస్తానంటోంది. ఉపవాసం మానమంటే నా మీదే కోప్పడింది.

ఇక ఒక్కొక్కటిగా మనవి చేస్తాను.

1. ఆ మూడు గంటలు, ఈ ఎండలు

పన్నెండు నుంచి మూడు దాకా దేశమంతా చీకటి కమ్మిందని సువార్తల్లో ఉంది. మన ఆరాధన ఆ వేళకే పెట్టుకున్నాం. ఎండాకాలంలో బయట తిరగొద్దని విపత్తు నిర్వహణ వాళ్ళు చెప్పే వేళ కూడా అదే, పన్నెండు నుంచి మూడు. ఈస్టర్ మార్చి 22 నుంచి ఏప్రిల్ 25 లోపల ఏ ఆదివారమైనా రావచ్చు. 2024లో శుభ శుక్రవారం మార్చి 29న వచ్చింది, 2025లో ఏప్రిల్ 18న వచ్చింది. మన జిల్లాల్లో ఈ మూడు వారాల తేడా ఎంత తేడానో రోడ్డు మీద నడిచేవాళ్ళకు తెలుసు. మన ఏర్పాట్లు మాత్రం ఏ ఏడైనా ఒకటే: అదే షామియానా, అవే నాలుగు ఫ్యాన్లు, మంచినీళ్ళ క్యాను ఎక్కడో వంటషెడ్డు దగ్గర.

2028లో శుభ శుక్రవారం ఏప్రిల్ 14న వస్తుంది. అంబేడ్కర్ జయంతి. మా పేటలో చాలామంది పొద్దున విగ్రహం దగ్గర దండ వేసి, ర్యాలీలో నడిచి, అటునుంచి అటే గుడికి వస్తారు. వాళ్ళను అయిదింటి దాకా ఎండలో కూర్చోబెడితే ఏమవుతుందో ఇప్పుడే ఆలోచించాలి.

షుగర్ మాత్రో ఇన్సులినో వేసుకుని తిండి మానేస్తే షుగర్ పడిపోతుంది. బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళు నీళ్ళు తాగకుండా ఎండలో కూర్చుంటే కళ్ళు తిరుగుతాయి. ఈ మాటలు ఆసుపత్రిలో మేం రోజూ చెప్తాం, తల ఊపి వెళ్ళిపోతారు. మా మాట వినరు, అయ్యగారి మాట వింటారు. "జబ్బున్నవాళ్ళు, ముసలివాళ్ళు, బాలింతలు ఉపవాసం ఉండనక్కర్లేదు, మంచినీళ్ళు తాగితే పాపం లేదు" అని ఈస్టర్ ముందరి మట్టల ఆదివారం నాడు బల్ల దగ్గర నిలబడి ఒక్కసారి మీరంటే చాలు. ఆర్.సి.ఎం. (రోమన్ కేథలిక్) వాళ్ళ నియమంలో 59 ఏళ్ళు నిండినవాళ్ళకు ఉపవాసం తప్పనిసరి కాదు. ఉపవాసాన్ని అంత గట్టిగా పట్టించుకునే వాళ్ళే వయసు చూసుకుని రాసుకున్నారు. మన దగ్గర రాసిన నియమమే లేదు గనుక, ఎవరెక్కువ ఉపవాసం ఉంటే వాళ్ళది గొప్ప భక్తి అన్నట్టు తయారైంది.

దీనికి కమిటీలో ఒకరిచ్చిన జవాబు నాకు తెలిసింది. "ప్రభువు సిలువ మీద వేలాడితే, వీళ్ళు కుర్చీలో కూర్చోలేరా?" అన్నారట. కూర్చుంటాం. వేదిక మీద కూలరు కూడా ఆపేసి, బాటిళ్ళు తీసేసి, అందరం కలిసి కూర్చుందాం. శ్రమ అనుభవించాల్సింది కింద ఉన్నవాళ్ళేనా?

2. వేదిక

ఏడు మాటలనూ వరుసగా చదివితే ఒక్క నిమిషం పట్టదు. లూకాలో మూడు, యోహానులో మూడు, మత్తయి మార్కుల్లో ఉన్నది ఒకటి. వాటి చుట్టూ ఇప్పుడు నాలుగు గంటల కార్యక్రమం అల్లుకుపోయింది.

ఈ ఆరాధన సీనాయి కొండ మీద ఇచ్చిన ఆజ్ఞ కాదు. పదిహేడో శతాబ్దంలో దక్షిణ అమెరికాలోని పెరూ దేశంలో, లీమా నగరంలో జెస్యూట్ అనే కేథలిక్ సభకు చెందిన ఒక గురువు మొదలుపెట్టారు. అక్కడ నుంచి యూరప్‌కు, పందొమ్మిదో శతాబ్దంలో ఆంగ్లికన్ సంఘాలకు పాకింది. ఒక మాట చదవడం, కాసేపు ధ్యానం, కొంత మౌనం, ఒక పాట, మళ్ళీ ఇంకో మాట. అలా నడిచేది. మన దగ్గర మౌనం పూర్తిగా పోయింది. రెండు మాటల మధ్య ఒక్క క్షణం ఖాళీ దొరికినా కీబోర్డు అతను ఏదో ఒకటి వాయిస్తాడు, లేదంటే ఎవరో వచ్చి తెల్ల కారు అడ్డం తీయమని ప్రకటన చేస్తారు.

శాలువాల సంగతి రాయడానికి నాకే సిగ్గుగా ఉంది. ప్రభువు బట్టలు లాగేసి చీట్లు వేసుకున్న రోజున మనం ఒకరికొకరం శాలువాలు కప్పుకుంటున్నాం. ఇంతకంటే దీని గురించి రాయను.

రాజకీయ నాయకుల్ని పిలవడం తప్పని మేం అనడం లేదు. ప్రహరీ గోడకో కమ్యూనిటీ హాలుకో వాళ్ళతో పని ఉంటుంది, అర్థం చేసుకోగలం. క్రిస్మస్‌కి పిలవండి, కేకు కోయించండి. శుభ శుక్రవారం మాత్రం, ఎంతటివారు వచ్చినా, అందరితోపాటు కింద కూర్చుని వినాలి. నాలుగో మాటకూ అయిదో మాటకూ మధ్య ప్రభుత్వ పథకాల మీద పావుగంట ఉపన్యాసం పోయిన ఏడాది మేం విన్నాం.

కానుక కవర్లది ఇంకో బాధ. కవరు మీద పేరు, ఎంత వేశారో రాయించి మైకులో చదువుతున్నారు. అయిదు వేలు వేసిన ఇంటి పేరు రెండుసార్లు వినపడుతుంది. ఇరవై రూపాయలు వేసే విధవరాలు తన పేరు చదువుతారేమోనని తల దించుకుంటుంది. కొందరు ఆ వారం డ్వాక్రా గ్రూపులో చేబదులు తీసుకుని మరీ కవరు నింపుతున్నారు. ఈ సంగతి ట్రెజరర్ గారికి తెలియదని నేను అనుకోను.

3. ఆడవాళ్ళకు మూడో మాట

మా గుడిలో ఏడు మాటల్లో ఆడవాళ్ళ వంతుకు వచ్చేది మూడోదే. అది తల్లితో మాట్లాడిన మాట కాబట్టి అయ్యగారి సతీమణి అమ్మగారికి ఇస్తారు. మొదటి మాట ముఖ్య అతిథికి, ఆఖరిది అయ్యగారికి, మిగతావి ఉద్యోగస్తులకు. సండే స్కూల్లో ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పిన టీచరమ్మలున్నారు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి బైబిలు చదువుకుని పనికి వెళ్ళే ఆడవాళ్ళున్నారు. ఈ నేల మీద బైబిలు స్త్రీలు ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పబట్టే మన తాతమ్మలు గుడి గడప తొక్కారు. ఆ రోజున సిలువ దగ్గర నిలబడ్డవాళ్ళ పేర్లు యోహాను రాశాడు. చూసుకోండి, ఎక్కువమంది ఆడవాళ్ళే.

సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) 2013లోనే నంద్యాల డయోసిస్‌కు పుష్పలలిత గారిని బిషప్‌గా నియమించింది. బిషప్‌గా పనికొచ్చిన ఆడది నాలుగో మాట చెప్పడానికి ఎందుకు పనికిరాదో ఎవరైనా వివరిస్తే వింటాను.

4. సెలవు లేనివాళ్ళు

శుభ శుక్రవారం ప్రభుత్వ సెలవు. ఆఫీసులకు, బ్యాంకులకు, స్కూళ్ళకు సెలవు. బట్టల కొట్టులో అమ్మాయిలకు లేదు. ప్రైవేటు ఆసుపత్రి ఆయాలకు, స్పిన్నింగు మిల్లులో షిఫ్టు వాళ్ళకు, ఇళ్ళలో పనిచేసేవాళ్ళకు లేదు. ఆ రోజుల్లో పల్నాడు వైపు మిర్చి కల్లాలు ఇంకా నడుస్తుంటాయి. కల్లంలో కాయలు ఏరే ఆవిడ మధ్యాహ్నం ఆరాధనకు రావాలంటే ఆ పూట కూలి వదులుకోవాలి, లేదా మేస్త్రీతో మాట పడాలి. మా సంఘంలో రోజు కూలితో బతికేవాళ్ళే ఎక్కువ. వాళ్ళలో సగం మంది ఏడు మాటలు విని ఎన్నేళ్ళయిందో లెక్క తీయండి.

ఇలాంటి చిక్కు మనకంటే చాలా పెద్ద సంఘానికే వచ్చింది, దిద్దుకుంది. ఒకప్పుడు కేథలిక్ గుళ్ళలో పరిశుద్ధ గురువారం, శుక్రవారం, శనివారం ఆరాధనలన్నీ పొద్దున్నే అయిపోయేవి. పనికి వెళ్ళేవాళ్ళు రాలేక గుళ్ళు బోసిపోయేవి. 1955లో పోప్ పన్నెండో పయస్ ఆ వారం క్రమాన్నంతా సవరించి, గురువారం బలిపూజను సాయంత్రానికి, శుక్రవారం ఆరాధనను మధ్యాహ్నం మూడు తర్వాతకు, ఈస్టర్ జాగరణను రాత్రికి మార్చారు. శతాబ్దాల అలవాటు అది. జనం రాలేకపోతున్నారని మార్చారు. మనం ఒక చిన్న పట్టణంలో సాయంత్రం ఆరున్నరకు రెండో ఆరాధన పెట్టడానికి ఇంత ఆలోచనా?

ఇక గురువారం రాత్రి ప్రభురాత్రి భోజనం. ఏడున్నరకని చెప్పి ఎనిమిదింపావుకు మొదలుపెడతారు. సంస్కారం తీసుకునే వరుస మా పల్లెల వాళ్ళ దాకా వచ్చేసరికి పది దాటుతుంది. ఆఖరి పల్లెవెలుగు బస్సు అప్పటికే పోయి ఉంటుంది. ఆడపిల్లలతో వచ్చినవాళ్ళు షేర్ ఆటోవాడు ఎంతంటే అంత ఇచ్చి వెళ్తున్నారు. ఇవ్వలేనివాళ్ళు బల్ల దగ్గరకు రాకుండానే మధ్యలో లేచి పోతున్నారు. వాళ్ళ వంతు రొట్టె, ద్రాక్షారసం అలాగే మిగిలిపోతోంది. దూరం నుంచి వచ్చినవాళ్ళను ముందు వరుసల్లో కూర్చోబెట్టి ముందు ఇవ్వండి. దీనికి కమిటీ తీర్మానం కూడా అక్కర్లేదు.

5. పాదాలు కడగడం

ప్రభువు శిష్యుల పాదాలు కడిగినదానికి గుర్తుగా, అదే గురువారం మా గుడిలో అయ్యగారు పన్నెండు మంది పాదాలు కడుగుతారు. ఆ పన్నెండు మందీ కమిటీ సభ్యులే. ఇంట్లో శుభ్రంగా కడుక్కుని, సాక్సులు వేసుకుని వచ్చిన పాదాలు. కొత్త టవలు, వెండి గిన్నె, యూట్యూబ్ లైవ్.

2013లో పోప్ ఫ్రాన్సిస్ గురువారం నాడు రోమ్‌లోని బాల నేరస్తుల జైలుకు వెళ్ళి అక్కడి పిల్లల పాదాలు కడిగారు. వాళ్ళలో అమ్మాయిలున్నారు, ముస్లింలున్నారు. 2016లో ఆడవాళ్ళ పాదాలు కూడా కడగవచ్చని నియమమే మార్పించారు. మన అయ్యగార్లను జైలుకు వెళ్ళమనడం లేదు. గుడి ఊడ్చే ఆవిడ ఉంది, మైకు సెట్టు కుర్రాడున్నాడు, సమాధుల గుంతలు తవ్వే తాత ఉన్నాడు. ఈ ఏడు వాళ్ళను ముందు కూర్చోబెట్టండి. లైవ్ ఆపేయండి.

6. ఈస్టర్ తెల్లవారుజాము

ఇది నాకు ప్రాణమైన పూట. శనివారం సాయంత్రం ఇంటిల్లిపాదీ సమాధుల తోటకు వెళ్ళి, కలుపు పీకి, సున్నం వేసి, బంతిపూలు సర్దుతాం. తెల్లవారుజామున కొవ్వొత్తులు పట్టుకుని మళ్ళీ వెళ్తాం. కానీ మా తోటకు దారి లేదు. ముళ్ళకంప నడుము దాకా పెరిగి ఉంది. చీకట్లో ఫోను టార్చి పట్టుకుని, చీర కుచ్చిళ్ళు పైకెత్తుకుని నడుస్తున్నాం. పాము కనపడని ఏడు లేదు. ముఖద్వారం దగ్గర కమిటీ సభ్యుల ఫొటోలతో పెట్టిన ఫ్లెక్సీ ఖర్చులో కొంత తగ్గించినా ఒక పొక్లెయిను కొన్ని గంటలు పెట్టించి దారి తీయవచ్చు, నాలుగు లైట్లు అద్దెకు తేవచ్చు.

మైకుల సంగతి కూడా చెప్పాలి. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లో ఉంది. మనం మూడున్నరకే ఆటో మీద బాక్సులు కట్టి వీధులన్నీ తిరుగుతున్నాం. మా వీధిలో పరీక్షలకు చదివే పిల్లలున్నారు, పక్షవాతంతో మంచం పట్టినవాళ్ళున్నారు, మన మతం కానివాళ్ళున్నారు. వేరేవాళ్ళ మైకుల మీద స్టేషన్‌కు వెళ్ళిన మనమే ఇది చేస్తే ఏం మాట్లాడతాం? మా చిన్నప్పుడు డప్పు, తాళాలు, నోటితో పాట, అంతే. వీధి చివర్నుంచి ఆ పాట వస్తుంటే తలుపులు వాటంతటవే తెరుచుకునేవి.

ఇవన్నీ చదివాక మీకు చాలా కోరినట్టు అనిపించవచ్చు. శుభ శుక్రవారం గురించి మేం అడిగేది ఇంతే. ఆరాధన పన్నెండుకు మొదలై మూడింటికి ముగియాలి, ఎవరు వచ్చినా రాకపోయినా. ఏడు మాటలకు ఏడుగురే మాట్లాడాలి, ఒక్కొక్కరికి పన్నెండు నిమిషాలు, ప్రతి మాట తర్వాత మూడు నిమిషాల మౌనం. ఏడుగురిలో కనీసం ముగ్గురు ఆడవాళ్ళు ఉండాలి, ఏ మాట ఎవరికనేది చీటీ తీసి నిర్ణయించాలి. శాలువాలు, పరిచయాలు, కవర్ల మీద పేర్లు చదవడం ఆ రోజుకు పూర్తిగా మానేయాలి. వరుస వరుసకూ మంచినీళ్ళు, ఓ.ఆర్.ఎస్. అందించాలి. ఆ పని మా స్త్రీల సమాజం, యూత్ చూసుకుంటాం, నీళ్ళ క్యాన్ల డబ్బు కూడా మేమే వేసుకుంటాం. సాయంత్రం ఆరున్నరకు గంటన్నరలో ముగిసే రెండో ఆరాధన పెట్టాలి. మా డ్యూటీ లేని నర్సులం ఇద్దరం బీపీ మిషను, గ్లూకోమీటరు పెట్టుకుని వాకిట్లో కూర్చుంటాం.

మీ జవాబు మట్టల ఆదివారం ప్రకటనల్లో చదవమని కోరుతున్నాం. ఒప్పుకుంటే సంతోషం. ఒప్పుకోకపోతే ఏ అంశం ఎందుకు కుదరదో అదైనా చెప్పండి, వింటాం.

ఏ జవాబూ రాకపోతే, మేం ఆరాధన మానేయం. తెల్ల చీరలు కట్టుకుని పన్నెండు కొట్టేసరికి అందరికంటే ముందు వచ్చి కూర్చుంటాం. మూడు కొట్టగానే, అప్పుడు ఏ మాట నడుస్తున్నా, మైకు దగ్గర ఎవరున్నా, మా పేట ఆడవాళ్ళమంతా లేచి, ముసలివాళ్ళను చేయి పట్టుకుని బయటికి నడిపించుకుపోతాం. మిగిలిన మాటలు ఇంటి దగ్గర చదువుకుంటాం.

ఇట్లు,
మీ సంఘ సభ్యురాలు,
స్త్రీల సమాజం తరఫున